దారి తప్పిన వ్యయము, గాడి తప్పిన ధర

ఆంగ్లభాషలో మితిమీరుటను తెలుపు మాటలు పెక్కు కలవు. వానిలో రెండింటిని మన పత్రికలును, న్యాయవాదులును, సభలలో ఉపన్యసించువారును తరచుగా వాడుచుందురు. ఒకటి 'ఎక్‌స్ట్రావగెంట్', రెండవది 'ఎగ్జార్బిటెంట్'. రెండింటికిని మొదట 'వెలుపల' అను అర్థమిచ్చు ఉపసర్గమే కలదు. రెండును హద్దు దాటుటనే చెప్పుచున్నవి. నిఘంటువు తెరచినచో రెండింటి యెదుటను 'మితిమీరిన', 'అత్యధికమైన' అను అర్థములే కానవచ్చును. కాబట్టి ఒకదానికి బదులు మరియొకటి వాడినంత మాత్రమున మునిగిపోవునది ఏమున్నదని పలువురు తలంతురు. మునిగిపోవునది కలదనియే మా మనవి. మొదటి మాట వాడినచో తప్పు ఖర్చు పెట్టినవానిది అగును. రెండవ మాట వాడినచో తప్పు పుచ్చుకొన్నవానిది అగును. ఈ భేదము పండితుల వినోదము మాత్రమే కాదు. ఒకప్పుడు వేలకొలది రైతు కుటుంబముల గతి ఈ రెండు మాటల నడుమ ఊగిసలాడినది.

ముందు మాటల పుట్టుక చూతము. 'ఎక్‌స్ట్రావగెంట్' అను మాటకు మూలము లాటిన్ భాష. అందులో 'ఎక్‌స్ట్రా' అనగా వెలుపల, 'వగారీ' అనగా తిరుగాడుట. హద్దులకు వెలుపల తిరుగాడునది అని మూలార్థము. ఈ మాటకు తొలుత డబ్బుతో సంబంధమే లేదు. ఇటలీ దేశమున బొలోనా నగరమునందు గ్రేషియన్ అను పండితుడు క్రీ.శ. 1140 ప్రాంతమున క్రైస్తవ మఠధర్మములను ఒక సంపుటముగా కూర్చెను. ఆ తరువాత పోపులు వెలువరించిన శాసనములు ఆ గ్రంథములో చేరలేదు. అవి గ్రంథమునకు వెలుపల తిరుగుచున్న శాసనములు గనుక వానికి ఈ పేరు వచ్చినది. 1316 మొదలు 1334 వరకు పోపుగా నుండిన 22వ జాన్ శాసనములకు నేటికిని ఆ పేరే నిలిచియున్నది. ఇందులో నింద లేదు, దూషణ లేదు. పుస్తకములో లేనివని మాత్రమే భావము. సుమారు 1600 నాటి షేక్స్‌పియర్ నాటకము 'హామ్లెట్' మొదటి అంకములో, కోడికూతతో తన చోటికి మరలిపోవలసిన ప్రేతాత్మను గూర్చి ఈ విశేషణము కనబడును. అచటను హద్దు దాటి సంచరించుటయే అర్థము. ప్రేతమునకు ఖర్చులతో పని యేమి? 17వ శతాబ్ది ముగిసి 18వ శతాబ్ది ఆరంభమగు నాటికి గాని ఈ మాట డబ్బుసంచి దగ్గరకు వచ్చి స్థిరపడలేదు.

'ఎగ్జార్బిటెంట్' కథ మరియొక విధమైనది. లాటిన్‌లో 'ఆర్బిటా' అనగా బండిచక్రము నేలపై త్రొక్కిన గాడి. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన పాంపే నగరపు వీధులలో, రాతిపరుపుపై బండ్లు అరగదీసిన గాళ్లు నేటికిని చూపరులకు కనబడుచున్నవి. ఆ గాడిని విడిచి చక్రము ప్రక్కకు పోవుటయే ఈ మాటకు మూలార్థము. మన తెలుగులో 'గాడి తప్పుట' అను పలుకుబడి దీనికి అచ్చమైన ప్రతిబింబము. గ్రహములు తిరుగు కక్ష్యకును, కంటిగ్రుడ్డు నిలుచు గుంటకును ఆంగ్లమున ఉన్న పేరు ఈ గాడి నుండి పుట్టినదే. ధర విని గ్రుడ్లు తేలవేసిన కొనుగోలుదారునకు ఈ సంబంధము సబబుగానే తోచవచ్చును గాని, మాట పుట్టినది మాత్రము కంటి నుండి కాదు, చక్రము నుండియే. 15వ శతాబ్దమున ఇది న్యాయశాస్త్రపు మాట. నియమపు గాడిలో పడని వ్యవహారమునకు దీనిని వాడిరి. 17వ శతాబ్దిలో ధర, వడ్డీ, అద్దె, రుసుము మొదలగువానికి ఇది అంటుకొనినది.

ఇంతకును భేదము ఎచట నున్నది? తిరుగాడువాడు ఒంటరిగా తిరుగవచ్చును. తన ఇష్టమున దారి విడిచి, అడవిపూలు కోసికొని, ఆలస్యముగా ఇల్లు చేరవచ్చును. అందుచేత 'ఎక్‌స్ట్రావగెంట్' అను మాట మనిషికి చెల్లును, విందునకు చెల్లును, పొగడ్తకు కూడ చెల్లును. ఒక్కొక్కప్పుడు అందులో కొంచెము ముచ్చట కూడ ధ్వనించును. గాడి అట్లు కాదు. అది పలు బండ్లు నడచి నడచి ఏర్పడిన ఉమ్మడి బాట. దానిని తప్పిన బండి ప్రక్కవానిని గ్రుద్దుకొనును. కావుననే 'ఎగ్జార్బిటెంట్' అను మాట వెనుక ఎప్పుడును ఇద్దరు ఉందురు: అడుగువాడొకడు, చెల్లించువాడొకడు. పదిమందికి సరిపోవు విందును ఇద్దరికై వండించినచో ఆ విందు మొదటి మాటకు తగినది. ఇద్దరు తిన్న సామాన్య భోజనమునకు పదిమంది వెల అడిగినచో ఆ లెక్కచీటీ రెండవ మాటకు తగినది. పొగడ్తను మొదటి మాటతో విశేషింపవచ్చును; రెండవదానితో విశేషించినచో ఆంగ్లేయుడు నవ్వును, ఏలయన పొగడ్తను ఎవరును బలవంతముగా వసూలు చేయరు.

ఈ భేదమును తెలుగువారు ఏనాడో పాటించిరి. మితిమీరి ఖర్చుపెట్టువానిని 'దుబారా మనిషి' అందుము. హిందూస్థానీలో 'మరల, రెండవ మారు' అని మాత్రమే అర్థమిచ్చు ఈ మాట తెలుగునేలపై వృథావ్యయమునకు పేరైనది. ఆ ఖర్చు దానమైనచో అదే మనిషిని ఎముక లేని చేయి గలవాడని మెచ్చుకొందుము. మితిమీరి అడుగువాని విషయమున మాత్రము మన పలుకుబడులలో మెప్పు లేనే లేదు: గొంతుకోత, నిలువుదోపిడి, అన్యాయపు ధర. దుబారా చేయువాడు తన మూటను జారవిడుచును. గొంతుకోయువాడు ఎదుటివాని మూటకు చేయి చాచును.

ఇక చరిత్రలోనికి పోవుదము. వడ్డీకి గాడి యేది అను ప్రశ్న మిక్కిలి పాతది. వడ్డీ పెరిగి పెరిగి అసలుతో సమానమైన పిమ్మట, అంతకు మించి ఒక్కసారిగా వసూలు చేయరాదని మన ధర్మశాస్త్రములు నియమించెను. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున ఈ నియమము కలదు. 'దామ్‌దుపట్' అను పేరుతో బొంబాయి ప్రాంతపు న్యాయస్థానములు దీనిని తరువాతి కాలమునను గుర్తించినవి. ఇంగ్లండులో గాడిని అంకెలతో గీసిరి. 8వ హెన్రీ కాలమున 1545లో నూటికి 10 వరకు వడ్డీని శాసనము అనుమతించినది. 1552లో వడ్డీని మొత్తముగా నిషేధించి, 1571లో మరల ఆ 10కే వచ్చిరి. 1624లో 8కి దిగినది. ఆ శతాబ్దిలోనే 6 అయినది. 1714 నాటికి 5 అయినది.

ఈ శాసనములు ఎవరిని కాపాడుటకు? ఇక్కడనే మన రెండు మాటలు ఎదురుపడినవి. ఆడమ్ స్మిత్ 1776లో ప్రకటించిన తన అర్థశాస్త్ర గ్రంథమున వడ్డీకి పరిమితి యుండుట మంచిదే యనెను. వడ్డీ మరీ హెచ్చైనచో అంత వడ్డీకి సిద్ధపడువారు దుబారాకోరులును, గాలిమేడలు కట్టు సాహసికులును మాత్రమేననియు, దేశపు మూలధనము వారిపాలు అగుననియు అతని వాదము. జెరెమీ బెంథామ్ రష్యాదేశమున నుండగా లేఖల రూపమున దీనికి జవాబు వ్రాసి 1787లో ప్రకటించెను. బుద్ధి యెరిగిన పెద్దవాడు తెలిసి ఒప్పుకొన్న వడ్డీని శాసనము కాదనరాదని అతని మతము. గాడి యనునది ఒకటి సహజముగా లేదనియు, అది అలవాటు మాత్రమేననియు అతడు వాదించెను. చివరకు బెంథామ్ మాటయే నెగ్గినది. 1854లో ఇంగ్లండులోను, మరుసటి సంవత్సరము 1855లో మన దేశమునను వడ్డీ పరిమితి శాసనములు రద్దయినవి. పత్రములో వ్రాసియున్న వడ్డీని న్యాయస్థానము ఇప్పింపవలసినదే యని ఏర్పడినది.

లండను నగరపు వర్తకుడును, దక్కను మెరకనేల రైతును ఒక్క తీరున బేరమాడగలరని ఈ మార్పు వెనుకనున్న ఊహ. దాని ఫలితము ఇరువది సంవత్సరములలో తెలిసినది. 1859లో మరియొక శాసనము వచ్చి అప్పుపత్రములకు మూడు సంవత్సరముల గడువు విధించినది. అప్పు పాతబడి రైతును పీడింపకుండుటకు చేసినది అది. జరిగినది వేరు. గడువు తీరకముందే షావుకారు పాత అసలును, దానిపై వడ్డీని కలిపి క్రొత్త పత్రము వ్రాయించుకొనుచుండెను. లెక్క వేసి చూతము. నూరు రూపాయల అప్పు; నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. మూడేండ్లకు 172 రూపాయలకు క్రొత్త పత్రము. ఆరేండ్లకు సుమారు 296. తొమ్మిదేండ్లకు సుమారు 509. ఈ తొమ్మిదేండ్లలో రైతు క్రొత్తగా తెచ్చుకొన్నది ఒక్క రూపాయయు లేదు. మొదటి నూరు కుమార్తె వివాహమునకై దుబారా చేసినదే యనుకొందము. తక్కిన 409 రూపాయలు ఎవరి దుబారా?

ఇంతలో 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగెను. అచటి ప్రత్తి ఆగిపోయి మన ప్రత్తికి గిరాకి వచ్చినది. షావుకార్లు చేయిచాచి అప్పులిచ్చిరి. యుద్ధము ముగియగానే ధరలు పడిపోయినవి. 1867 తరువాత భూమిశిస్తు సవరణలు జరిగి పలు తాలూకాలలో శిస్తు మిక్కిలి హెచ్చినది. పంట ధర తగ్గినది, శిస్తు పెరిగినది, పాత పత్రము మాత్రము పెరుగుచునే యున్నది. 1875 మే 12న పూనా జిల్లా సూపే గ్రామపు సంతలో రైతులు షావుకార్ల అంగళ్లపై పడిరి. అచటినుండి పూనా, అహమ్మదునగరు జిల్లాల పెక్కు గ్రామములకు అలజడి ప్రాకినది. ఆ గుంపులు ముఖ్యముగా వెదకినది ధాన్యమును కాదు, నగలను కాదు, అప్పుపత్రములను. పత్రములు చేతబడినచోట వానిని కాల్చివేసిరి. మనుష్యులపై ఘోరమైన హింస జరిగిన సందర్భములు అరుదు.

ప్రభుత్వము విచారణ సంఘమును నియమించినది. అప్పుడు వాడుకలో నున్న అభిప్రాయము ఒక్కటే: రైతు దుబారాకోరు, పెండ్లిండ్లకును, పండుగలకును తగులబెట్టి అప్పులపాలగును, కాబట్టి అతనికి పొదుపు నేర్పవలెను. అనగా మొదటి మాటయే రాజ్యమేలుచుండెను. సంఘమువారు గ్రామములలో లెక్కలు చూచి 1876లో తమ నివేదికను వ్రాసిరి. పెండ్లి ఖర్చునకు లేని ప్రాధాన్యము కల్పించుట జరుగుచున్నదని వారు చెప్పిరి. రైతు సంపాదనతో పోల్చినచో ఆ ఖర్చును 'ఎక్‌స్ట్రావగెంట్' అనవచ్చునని ఒప్పుకొని, ఆ వెంటనే ఒక మాట చేర్చిరి: అట్టి సందర్భములు ఏండ్లకొకసారి గాని రావు, మొత్తము మీద అట్టి మనిషి తన ఇంటి వేడుకకు పెట్టుకొనదగిన దానికంటె అది ఎక్కువ కాదు. తిండిగింజలకు, విత్తనములకు, ఎడ్లకు, సర్కారు శిస్తునకు మాటిమాటికి చేయు చిన్న చిన్న అప్పులే, ఎప్పుడో వచ్చు ఒక పెండ్లికంటె ఎక్కువగా రైతును ముంచినవని వారు తేల్చిరి.

ఈ వాక్యములు అధికారులు వ్రాసినవి, రైతు పక్షపు నాయకులు వ్రాసినవి కావు. అందుకే వానికి విలువ హెచ్చు. నేరము మొదటి మాటపై మోపియున్నంత కాలము మందు నీతిబోధ మాత్రమే. అది రెండవ మాట పరిధిలోనిదని తేలగానే మందు శాసనమైనది. 1879లో దక్కను వ్యవసాయదారుల సహాయశాసనము వచ్చినది. పత్రములోని అంకెను చూచి ఊరకొనక, మొదట చేతికిచ్చిన సొమ్ము ఎంత, వడ్డీగా చేరినది ఎంత యని అప్పు పూర్వచరిత్రను న్యాయస్థానము విచారింపవలెనని అది విధించినది. డబ్బు డిక్రీకై వ్యవసాయదారుని చెరసాలలో పెట్టుట మానిపించినది.

అట్లని షావుకారు వాదమును విననక్కరలేదని మేము అనము. పూచీ లేని అప్పు, వాన మీద ఆధారపడిన పంట, వసూలుకు తిరుగవలసిన ఊళ్లు, మునిగిపోవు బాకీలు: వీని ఖరీదు వడ్డీలో చేరకతప్పదు. అంతమాత్రమున హెచ్చు వడ్డీ యంతయు గాడి తప్పినది కాదు. గాడి ఎచటనున్నదో తెలియవలెనన్నచో, అప్పిచ్చుటకు మరియొకడు కూడ ఉండవలెను. ఊరికి ఒక్కడే షావుకారైనచో అతడు అడిగినదే ధర. ఈ సూక్ష్మమును గ్రహించినవాడు మన చెన్నరాజధానిలో పనిచేసిన ఫ్రెడరిక్ నికల్సన్. 1895, 1897 సంవత్సరములలో ఆయన సమర్పించిన నివేదికలు జర్మనీదేశపు రైఫైజెన్ పద్ధతి పరపతి సంఘములను సూచించినవి. 1904లో సహకార పరపతి సంఘముల శాసనము వచ్చినది. షావుకారును తిట్టుటకంటె అతని ప్రక్కన మరియొక బాట వేయుట మేలని దీని భావము.

1918లో అధిక వడ్డీ ఋణముల శాసనము దేశమంతటికిని వచ్చినది. వడ్డీ మితిమీరినదై, వ్యవహారము కూడ నిజముగా అన్యాయమైనదైనచో న్యాయాధికారి లెక్కను తిరుగదోడవచ్చునని అది చెప్పినది. తరువాత ఆర్థికమాంద్యములో పంటల ధరలు కూలి కోస్తా, రాయలసీమ జిల్లాల రైతులు అప్పులలో దిగబడగా, 1938లో రాజగోపాలాచారి మంత్రివర్గము మదరాసు వ్యవసాయదారుల ఋణవిమోచన శాసనమును చేసినది. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీని అది కొట్టివేసినది. అసలునకు రెట్టింపు ఇదివరకే చెల్లించియున్నచో ఆ అప్పు తీరినట్లే యనెను. ధర్మశాస్త్రముల నాటి రెట్టింపు నియమము కొంత వేషము మార్చుకొని శాసనసభ గుమ్మము దాటి లోనికి వచ్చినదన్నమాట. ఆ నియమమే మరియొకసారి 2011లో కనబడినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణ సంస్థల వసూళ్లపై గగ్గోలు పుట్టగా 2010 అక్టోబరులో అత్యవసర శాసనము వచ్చి, 2011లో చట్టమైనది. వడ్డీ రూపమున అసలుకు మించి వసూలు చేయరాదని అందులోను విధించిరి. అప్పుడును వాదము పాత దారినే నడచినది. ఇల్లాండ్రు శక్తికి మించి అప్పులు చేసిరని ఒకరు. వడ్డీయు వసూలు తీరును గాడి తప్పినవని మరియొకరు.

ఇంగ్లండు కథ కూడ ముగింపవలెను. 1854లో గాడిని చెరిపివేసిన ఆ దేశమే 1900లో వడ్డీవ్యాపారుల శాసనముతో మరల దానిని వెదకసాగినది. 1974 నాటి వినియోగదారుల ఋణశాసనమున 'ఎగ్జార్బిటెంట్' అను మాట అక్షరాల చోటు సంపాదించినది. అప్పుకొన్నవాని నుండి ఘోరముగా గాడి తప్పిన చెల్లింపులు కోరు ఒప్పందమును న్యాయస్థానము తిరుగదోడవచ్చునని దాని తాత్పర్యము. 2006లో చేసిన సవరణతో ఆ పరీక్షకు బదులు, ఇరువురి సంబంధము న్యాయమైనదా కాదా యను విశాలమైన పరీక్ష వచ్చినది. ఆ శాసనములలో 'ఎక్‌స్ట్రావగెంట్' అను మాటతో న్యాయాధికారికి పని లేకపోవుట గమనింపదగినది. ఒకని దుబారా అతని ఇంటి వ్యవహారము. దానిని అదనుగా తీసికొని అడుగు ధర పదిమంది వ్యవహారము.

కాబట్టి ఈ రెండు మాటలలో ఏది వాడవలెనో సందేహము కలిగినప్పుడు పాఠకులు ఒక్క ప్రశ్న వేసికొనిన చాలును: ఆ అంకెను నిర్ణయించినది ఎవరు? ఇచ్చువాడే తన ఇచ్ఛచే నిర్ణయించుకొనినచో మొదటి మాట. పుచ్చుకొనువాడు నిర్ణయించి, ఇచ్చువానికి కాదనుటకు వీలు లేకపోయినచో రెండవ మాట. ఆసుపత్రి చీటీ, బడి రుసుము, ఇంటి అద్దె, పెండ్లి పందిరి, ఏది ముందుకు వచ్చినను ఈ ప్రశ్న పనికివచ్చును. అప్పులపాలైన పొరుగువాని గూర్చి మాటలాడునప్పుడు మరింత పనికివచ్చును. అతడు తిరుగాడి దారి తప్పెనా, లేక నడచుచున్న బాటలో ఎదుటి బండి గాడి తప్పి అతని మీదికి వచ్చెనా యని విచారించిన పిమ్మటనే తీర్పు చెప్పుట న్యాయము. సూపే రైతుల లెక్కలు తీసి చూచువరకు ఆనాటి పెద్దలకును ఆ భేదము తోచలేదు.